కొయ్య పైపు ఏల కాలిపోదు?

కొయ్య నిప్పు తగిలిన మండు పదార్థము. అయినను కొయ్యతో చేసిన పైపులో ఏండ్ల తరబడి పొగాకు కాల్చినను పైపు కాలిపోదు. నిప్పంటిన పొగాకు వేడిమి కొన్ని వందల డిగ్రీలుండును. కొయ్య సాధారణముగా 250–300 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర అంటుకొనును. మరి దీనికి కారణమేమి? కొయ్యను ఎన్నుకొనుటలోను, దానిని తీర్చిదిద్దుటలోను సమాధానము కలదు.

మధ్యధరా సముద్ర తీరములందు ఎరికా ఆర్బోరియా అను పొద పెరుగును. ఫ్రెంచివారు దీనిని బ్రూయేర్ అందురు. ఇంగ్లీషులోని బ్రయర్ అను పేరు దానినుండియే వచ్చినది. కాండమునకు, వేళ్లకు నడుమ నేలలో దీనికి గట్టి బుడిపె యొకటి పెరుగును. పైపును ఆ బుడిపెతోనే చేయుదురు. ఫ్రాన్సులో జూరా పర్వతములలోని సేన్‌క్లోడ్ పట్టణమున 19వ శతాబ్ది మధ్యకాలమునుండి ఈ పరిశ్రమ సాగుచున్నది.

మామూలు కొయ్యలో నారలు ఒకే దిక్కున సాగును. తేమ తగ్గునపుడు కొయ్య నారల పొడవునకంటె అడ్డముగా ఎక్కువ ముడుచుకొనును. కనుక నారల వెంబడి చీలును. బుడిపెలో నారలు పెనవేసికొని యుండుటచే చీలికకు తిన్నని దారి దొరకదు. కోసిన ముక్కలను గంటల తరబడి నీటిలో ఉడికింతురు. రసము, వగరునిచ్చు టానినులు వెలికి వచ్చును. పిమ్మట నెలల తరబడి మెల్లగా ఆరబెట్టుదురు. తొందరపడినచో పైభాగము ముందుగా ముడుచుకొని పగులును.

ఎండిన ముక్కలో పొగాకు నింపు గదిని సుమారు 20 మిల్లీమీటర్ల వెడల్పున, పొగ పోవు రంధ్రమును 4 మిల్లీమీటర్ల వెడల్పున తొలుచుదురు. ఇవి రెండును గది అడుగున కలియవలెను. పైన కలిసినచో అడుగు పొగాకు కాలక తడిసి నిలిచిపోవును. కొయ్య వేడిమికి అధమవాహకము గనుక దళసరి గోడ వెలుపలికి వేడి మెల్లగా వచ్చును. గోడ నానుకొనిన చోట ఆమ్లజని తక్కువ. వాడుకలో లోపల ఏర్పడు పలుచని బొగ్గుపొరయు గోడను కాపాడును.

ఇక మెరుగు సంగతి. గరుకు తలముపై పడిన వెలుగు నలుదిక్కుల చెదరును. నునుపు తలము దానిని ఒకే దిక్కునకు మరలించును. కావున 220, 400, 600 నంబరు ఉప్పుకాగితములతో వరుసగా రుద్దుదురు. నడుమ తడిగుడ్డతో తుడిచినచో అణగియున్న నారలు నీటిని పీల్చి పైకి లేచును; ఆరిన పిదప వాటిని మరల రుద్ది తీసివేయుదురు. స్పిరిటులో కరిగించిన రంగు పూసి పైపైన రుద్దగా, మెత్తని చారలలో ఇంకిన రంగు నిలిచి కొయ్య గీతలు స్పష్టపడును.

తుదకు మైనము. తేనెమైనము 62–64 డిగ్రీల వద్దనే కరగును. బ్రెజిలు దేశమున తాటిజాతి చెట్టొకదాని ఆకులనుండి లభించు కార్నౌబా మైనము 82–86 డిగ్రీల వద్దగాని కరగదు. వేడెక్కు పైపునకు ఇదియే తగినది. గిరగిర తిరుగు గుడ్డచక్రమునకు మైనము పట్టించి పైపును ఒత్తగా, రాపిడి వేడిమికి మైనము కరిగి పలుచగా పరచుకొనును. మన ఏటికొప్పాకలో లేతుపై తిరుగు అంకుడు కొయ్యకు లక్క కరిగి అంటుకొనుటయు ఈ సూత్రముచేతనే.

ఉపాధ్యాయులు ఒక టేకు ముక్కను నునుపుగా రుద్ది, సగము తడిపి ఆరనిచ్చి, విద్యార్థులచే వ్రేలితో తడిమి చూపింపవచ్చును. లేచిన నారలు తడిపిన భాగమున గరుకుగా తగులును.

ఒక్క సంగతి మరువరాదు. కొయ్యను కాపాడు బొగ్గుపొర పొగ త్రాగువానిని కాపాడదు. పైపు పొగ నోరు, గొంతు, ఊపిరితిత్తుల కాన్సరులకు కారణమని రుజువైనది. కావున విద్యార్థులు పైపునుండి కొయ్యపనిని నేర్చుకొనవలెనే గాని పొగ త్రాగు అలవాటును కాదు.