గుండీ త్రిప్పగనే గరగర యేల?

గిటారు తీగను ఎవ్వరును మీటకున్నను, ఆంప్లిఫయరు వాల్యూము గుండీని త్రిప్పినంతనే స్పీకరునుండి గరగరమను ధ్వని వెలువడుట మీరు వినియుందురు. అది యెట్లు పుట్టుచున్నది?

గుండీ వెనుక, గుఱ్ఱపునాడవలె వంగిన బొగ్గుపూత పట్టీ యొకటి యుండును. గుండీతో తిరుగు చిన్న లోహపు నాలుక ఆ పట్టీని ఒరసికొనుచు, గిటారునుండి వచ్చు విద్యుత్సంకేతములో ఎంత భాగము ముందునకు సాగవలయునో నిర్ణయించును. ఏండ్లు గడచుకొలది అచ్చట ధూళియు చిలుమును చేరగా, చెత్త అడ్డుపడిన పంటకాలువలో నీరు ఆగి యాగి పాఱునట్లు, విద్యుత్తు తెగి తెగి ప్రవహించును. ఆ తెంపులు అత్యల్పములే. కాని అల్పమును అనల్పముగా జేయుటయే ఆంప్లిఫయరు ధర్మము గదా!

గిటారు ధ్వనిని మార్చు ఎఫెక్ట్స్ పెడలులోని గుండీలకును ఇదే వ్యాధి, చికిత్సయు సులభమే. పెద్దల సాయముతో బ్యాటరీని, వైర్లను తొలగించి, గుండీ వెనుకనున్న డబ్బీ సందులోనికి కాంటాక్ట్ క్లీనరు కొంచెము చిమ్మి, గుండీని ఈ కొననుండి ఆ కొనకు పలుమారులు త్రిప్పి ఆరనీయవలయును. అప్పటికిని గరగర పోకున్నచో బొగ్గుపూత అరిగియుండవచ్చును. అప్పుడు ఆ భాగమునే మార్చవలయును.

వాల్వు ఆంప్లిఫయరు పెట్టెను మాత్రము మీరెన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసిన పిమ్మటను దాని కెపాసిటర్లు 400 వోల్టులకు పైబడిన ప్రాణాంతక విద్యుత్తును నిలువయుంచగలవు. నేర్పరియైన మెకానిక్కు దానిని ఖాళీచేసిన పిదపనే లోపల చేయిపెట్టును.