సాయానికీ జీతముంది!

నవంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, అమెరికాలో ఏ వీధిలో చూసినా పార్శిలు బండ్లే! ఆ నెల నాలుగో గురువారం 'థాంక్స్ గివింగ్' పండగ. మర్నాటి నుంచి మొదలయ్యే కొనుగోళ్ల జాతర క్రిస్మస్ దాకా సాగుతూనే ఉంటుంది. సంక్రాంతికి మనకి కూతుళ్లూ అల్లుళ్లూ ఇంటికి రావాలి. క్రిస్మస్‌కి వాళ్లకి కానుకలు ఇంటికి రావాలి. అదీ డిసెంబరు 25 లోపే రావాలి. ఆ మర్నాడు వచ్చిన కానుకకి, పండగ వెళ్లాక టైలరు తెచ్చిచ్చిన జాకెట్టుకి ఉన్నంత విలువే!

ఈ కానుకల్ని గడపగడపకీ చేర్చే డ్రైవరుకి, ఆ ఆరేడు వారాలూ చేతిసాయంగా కంపెనీలు మరో మనిషిని ఇస్తాయి. ఆ మనిషినే 'డ్రైవర్ హెల్పర్' అంటారు. మన లారీకి క్లీనరు ఉన్నట్టే అనుకోండి. కాకపోతే ఈ క్లీనరు బండి కడగనక్కర్లేదు, టైరు మార్చనక్కర్లేదు. పార్శిలు పట్టుకుని దిగడం, గుమ్మం ముందు పెట్టడం, గబగబా తిరిగొచ్చి బండెక్కడం... ఇదీ పని. చెప్పడానికి ఒక్క వాక్యమే. చెయ్యడానికి మాత్రం ఒళ్లు హూనమవుతుంది.

ఈ పని మగవాళ్లదేననుకుంటున్నారా? కాదు. కాలేజీ పిల్లలు, రిటైరైన పెద్దవాళ్లు, పిల్లలు కాస్త ఎదిగి చేతికందిన గృహిణులు... అందరూ వస్తారు. గుంటూరులో బీకాం చదివి, పద్దెనిమిదేళ్లు న్యూజెర్సీలో ఇల్లు చూసుకున్న మా పిన్ని కూతురు రెండు చలికాలాలు ఈ పని చేసింది. నాకంటే పెద్దది, అక్కయ్యా అని పిలుస్తాను. మొన్న వేసవిలో వచ్చినప్పుడు ఆమె చెప్పిన సంగతులు వింటుంటే, ఇది నలుగురూ వినాల్సిన విషయం అనిపించింది.

ఎంతమంది కావాలో!

ఈ పార్శిలు కంపెనీల్లో బాగా పెద్దది యూపీఎస్. మన ఇళ్లల్లో కరెంటు పోతే కంప్యూటరు ఆగిపోకుండా కాపాడే పెట్టె కాదండోయ్! 1907లో సియాటిల్ నగరంలో జిమ్ కేసీ అనే 19 ఏళ్ల కుర్రాడు 100 డాలర్లు అప్పు తెచ్చి మొదలుపెట్టిన కంపెనీ. అప్పట్లో కుర్రాళ్లు నడిచీ, సైకిళ్ల మీదా ఉత్తరాలూ, పొట్లాలూ అందించేవారు. ఇవాళ గోధుమరంగు బండి కనిపిస్తే చాలు, ఎవరిదో అక్కడి చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. 2022, 2023 పండగ సీజన్లలో ఏడాదికి లక్షమందికి పైగా తాత్కాలిక కార్మికుల్ని తీసుకుంటామని ఈ కంపెనీ ప్రకటించింది. గోడౌన్లలో పార్శిళ్లు వేరుచేసేవాళ్లు, బండ్లు నడిపేవాళ్లు, ఈ హెల్పర్లు అందరూ ఆ లెక్కలోని వాళ్లే.

హెల్పరుకి డ్రైవింగ్ లైసెన్సు అక్కర్లేదు. పెద్ద చదువూ అక్కర్లేదు. కాళ్లలో సత్తువ ఉండాలి, చిరునామా చదవడం రావాలి, చలికి ఓర్చుకోవాలి. అంతే!

బండెక్కిన రోజు

అక్కయ్య పనిచేసిన కంపెనీ పేరు మనకెందుకు గానీ, ఆమె రోజు ఎలా గడిచేదో వినండి. పొద్దున్నే డ్రైవరు ఫోను చేసి, ఫలానా షాపు ముందు పార్కింగులో పది గంటలకి ఉండమంటాడు. ఈవిడ అక్కడికెళ్లి నిలబడాలి. ఒక్కోరోజు పది అన్నది పదకొండున్నర అయ్యేది. బండి వచ్చాక డ్రైవరు పక్కన మడతపెట్టే చిన్న సీటు వాల్చుకుని కూర్చోవాలి. కూర్చున్నానన్న పేరే గానీ, నిమిషంలో మళ్లీ దిగాలి! తలుపు మాటిమాటికీ తెరవాల్సిందే కాబట్టి, బండిలో వెచ్చదనం నిలవదు.

"మొదటి రోజు సాయంత్రానికి నా మోకాళ్లు నావి కావనిపించింది. మర్నాడు వెళ్లకూడదనే అనుకున్నాను. పొద్దున్నే డ్రైవరు ఫోను చేస్తే, 'వస్తున్నా' అనేశాను" అంది నవ్వుతూ.

సాధారణ రోజుల్లోనే ఒక డ్రైవరు వందకి పైగా గడపలు ఎక్కి దిగుతాడు. పండగ రోజుల్లో రెండొందలు దాటినా వింతేమీ లేదు. డ్రైవరు బండి ఆపి వెనక అరల్లోంచి పార్శిలు తీసి ఇవ్వగానే హెల్పరు పరుగు. ఈవిడ తిరిగొచ్చేలోగా అతను తర్వాతి ఇంటిది వెతికి సిద్ధంగా ఉంచుతాడు. ఇంట్లో చపాతీలు ఒకరు వత్తుతుంటే ఇంకొకరు కాల్చినట్టన్నమాట. ఇద్దరికీ చెయ్యి కుదిరిందా, పని సాఫీగా సాగుతుంది. కుదరలేదా, ఇద్దరికీ చిరాకే. అక్కయ్యకి దొరికిన డ్రైవరు యాభై దాటిన మనిషి. ఏ ఇంట్లో కుక్క ఉందో, ఏ మెట్టు విరిగిందో, ఏ ముసలావిడ తలుపు తియ్యడానికి ఆలస్యం చేస్తుందో అన్నీ అతనికి తెలుసట.

ఇక చెప్పుకోవడానికి మొహమాటపడే ఇబ్బంది ఒకటుంది, బాత్రూము! రూటులో ఎక్కడ పెట్రోలు బంకు వస్తే అక్కడే. దానికి భయపడి అక్కయ్య మొదటి వారం మంచినీళ్లు తాగడమే మానేసిందట. తలనొప్పితో మంచం పట్టబోయేసరికి డ్రైవరే కనిపెట్టి, రెండు గంటలకోసారి బంకు దగ్గర బండి ఆపడం మొదలుపెట్టాడు.

డిగ్రీ చదివి మూటలు మొయ్యడమా?

ఈ మాట అన్నది ఎవరో కాదు, మా పిన్నే! "బీకాం చదివించింది ఇంటింటికీ మూటలు మొయ్యడానికా? మీ ఆయన జీతం చాలకనా?" అని ఫోనులో ఒకటే గొడవ. అక్కడి తెలుగువాళ్లలోనూ గుసగుసలు తప్పలేదు. ఓ రోజు అక్కయ్య పార్శిలు పట్టుకెళ్లిన ఇల్లు తెలిసినవాళ్లదే అయింది. తలుపు తీసినావిడ ఈమె ఒంటిమీది కోటు చూసి, ఏమనాలో తోచక, "లోపలికి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అందట. "ఇంకా తొంభై ఇళ్లున్నాయి వదినా, ఆదివారం వస్తాను" అని చెప్పి పరుగెత్తుకొచ్చింది అక్కయ్య.

"సిగ్గనిపించలేదా?" అని అడిగాను.

"ఆ క్షణంలో అనిపించింది. అబద్ధమెందుకు! కానీ ఆ వారం జీతం కాగితం చూసుకున్నాక పోయింది. అందులో డబ్బు కంటే ముందు నేను గంటలు చూశాను. ఇరవై ఏడు గంటలు. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో చేసిన పనిలో ఒక్క గంటయినా ఎవరైనా ఎక్కడైనా రాశారా? నేను పనిచేసిన గంటలు కాగితం మీద చూడ్డం నా జన్మలో అదే మొదలు" అంది.

పెళ్లయిన ఏ స్త్రీని అడిగినా "ఇంట్లో ఉంటాను, ఆయనకి సాయంగా ఉంటాను" అంటుంది. ఆ సాయానికి మొదలూ తుదీ ఉండవు. అక్కడ హెల్పరు అంటే కూడా అర్థం సాయం చేసేవాళ్లనే! కానీ ఆ సాయం గంటల్లో కొలుస్తారు, వారానికోసారి జీతం ఇస్తారు. ఈ జీతాలూ ఊరికే రాలేదు. 1997 ఆగస్టులో యూపీఎస్ కార్మికులు లక్షా 85 వేలమంది రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. పార్ట్‌టైమ్ ఉద్యోగాలతో బతుకు గడవదు, పూర్తి ఉద్యోగాలు కావాలన్నదే వాళ్ల ప్రధానమైన కోరిక. పదివేల పూర్తికాలం ఉద్యోగాలకి కంపెనీ ఒప్పుకుంది. 2023లో మళ్లీ సమ్మె అంచుల దాకా వెళ్లి కుదిరిన ఒప్పందంలో, పార్ట్‌టైమ్ వాళ్లకి గంటకి కనీసం 21 డాలర్లు ఖాయం చేయించుకుంది టీమ్‌స్టర్స్ యూనియన్.

నడుము జాగ్రత్త!

ఈ పనిలో ఒక్కో పార్శిలు 70 పౌండ్ల దాకా ఉండొచ్చు. అంటే సుమారు 32 కిలోలు. మనం పాతిక కిలోల బియ్యం బస్తానే ఇద్దరం పట్టుకుంటాం కదా! అందుకే ముందుగా శిక్షణలో ఎత్తడం నేర్పుతారు. నడుము వంచకుండా మోకాళ్లు వంచాలి. బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. బరువుతో ఉండగా నడుము తిప్పకూడదు, పాదాలే తిప్పాలి. బండి దిగేటప్పుడు దూకకూడదు. కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుని దిగాలి. గ్యాసు సిలిండరు జరిపేటప్పుడూ, నీళ్ల బిందె ఎత్తేటప్పుడూ మనకీ పనికొచ్చే పాఠాలే ఇవి!

రెండో ఏడు అక్కయ్య ఓ ఇంటి మెట్ల మీద గడ్డకట్టిన మంచుకి జారి పడింది. చెయ్యి బెణికింది. డ్రైవరు వెంటనే సూపర్‌వైజరుకి చెప్పి ఆ పూటే కాగితం మీద రాయించాడు. అందువల్ల వైద్యం ఖర్చు కంపెనీ ఇన్సూరెన్సు మీద జరిగింది. "ఏం కాలేదులే, ఇంటికెళ్లి కాపడం పెట్టుకుందాం" అనుకుంటే ఆ ఖర్చంతా నెత్తిన పడేది. దెబ్బని దాచుకోవడం మనకి అలవాటు. ఉద్యోగంలో ఆ అలవాటు పనికిరాదు.

బరువు సంగతి వచ్చింది కాబట్టి పెగ్గీ యంగ్ గురించి చెప్పాలి. ఆమె మేరీలాండ్ రాష్ట్రంలో యూపీఎస్ డ్రైవరు. 2006లో గర్భవతి అయింది. మొదటి 20 వారాలూ 20 పౌండ్లకి మించి ఎత్తొద్దన్నారు వైద్యులు. ఆమె సాధారణంగా అందించేవి తేలికపాటి కవర్లూ, పొట్లాలే. అయినా ఆ ఉద్యోగానికి 70 పౌండ్లు ఎత్తగలగాలి అన్న నిబంధన చూపించి కంపెనీ ఆమెని పనిలోకి రానివ్వలేదు. జీతం లేని సెలవు మీద ఉండాల్సి వచ్చింది. దెబ్బ తగిలినవాళ్లకి తేలిక పని ఇస్తారు కదా, గర్భిణికి ఎందుకివ్వరని ఆమె కోర్టుకెళ్లింది. కింది కోర్టుల్లో ఓడిపోయినా వదల్లేదు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుని పక్కనపెట్టి, ఆమె వాదన మళ్లీ వినాలంది. ఆ ఏడాది జనవరి నుంచే కంపెనీ గర్భిణులకి తేలిక పని ఇచ్చేలా తన పద్ధతి మార్చుకుంది. 15 మంది కంటే తక్కువమంది పనిచేసే చిన్న చిన్న చోట్ల సంగతి వేరుగానీ, మిగతా యజమానులంతా గర్భిణులకి తగిన వెసులుబాటు చూపాలన్న చట్టం 2023 జూన్ నుంచి ఆ దేశంలో అమల్లోకి వచ్చింది. ఓ డ్రైవరమ్మ పట్టుదల ఎంత దూరం వెళ్లిందో చూడండి!

పండగ వెళ్లాక...

క్రిస్మస్ అయిపోయిన వారానికే చాలామంది హెల్పర్లకి ఫోను ఆగిపోతుంది. నచ్చనివి వాపసు పంపే పార్శిళ్లతో కొందరికి జనవరి మధ్యదాకా పని ఉంటుంది. ఆ తర్వాత కొద్దిమందిని గోడౌన్లలో పార్ట్‌టైమ్‌గా తీసుకుంటారు. తెల్లవారుజామున బండ్లు నింపే పని. అక్కయ్య దరఖాస్తు పెట్టింది గానీ పిలుపు రాలేదు. ఈ పని నమ్ముకుని సంసారం నడపలేం, ఇది పండగల నాటి ఆదాయమే అని ఆమే చెప్పింది. మొదటి ఏడు డబ్బు కూతురి చదువు ఖర్చుకి వెళ్లింది. రెండో ఏడు డబ్బుతో పిన్నికి వినికిడి మిషను కొనిపెట్టింది. పిన్ని అది పెట్టుకునే తిరుగుతోంది. ఇరుగుపొరుగు వాళ్లకి మాత్రం "మా అమ్మాయి కొరియర్ ఆఫీసులో చేసింది" అనే చెబుతోంది!

అమెరికాలో ఉన్న మన ఆడపడుచులు ఒక సంగతి మరిచిపోకూడదు. భర్త వీసా మీద వెళ్లినవాళ్లు పని అనుమతి లేకుండా ఒక్క గంట కూడా జీతానికి చెయ్యకూడదు. హెచ్-4 వీసా వాళ్లలో కొందరికి 2015 మే నుంచి ఆ అనుమతి కార్డు దొరికే వీలు కలిగింది. అందరికీ కాదు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్లకి అడ్డు లేదు. ఎవరో నగదు చేతిలో పెడతామన్నారని ఒప్పుకుంటే, రేపు కుటుంబం మొత్తానికీ చిక్కు. అనుమతి ఉంటే మంచి బూట్లు, రెండు జతల చేతి తొడుగులు, ఓ నీళ్ల సీసా సిద్ధం చేసుకోండి. పనిచేసిన గంటలు మీరూ రోజూ రాసుకోండి. జీతం కాగితంతో సరిచూసుకోండి.

గంటలు రాసుకోవడం మనకి మాత్రం అక్కర్లేదా? 2019లో మన ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు చేస్తున్నట్టు తేలింది. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో ఆడవాళ్లకి తగ్గింది పది నిమిషాలు. మగవాళ్లకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది!

మన గోడ కాలెండరు మీద పాల లెక్క, చాకలి పద్దు రాసుకుంటాం కదా. ఒక్క నెల పాటు, ఆ పాల లెక్క పక్కనే మీరు పనిచేసిన గంటలు కూడా వేసి చూడండి. జీతం ఎవరూ ఇవ్వకపోవచ్చు. కానీ నెలాఖరున ఆ కాగితం ఇంట్లో అందరూ చదవాలి.