మేడ మీద హ్యామ్ టవర్: ముందు చూడాల్సింది కరెంటు తీగల వైపే

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకింది. కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. ఇలాంటి రోజుల్లో కబురు అందించడానికి పనికొచ్చేది హ్యామ్ రేడియో. మొబైల్ టవర్, ఇంటర్నెట్ ఏవీ అక్కర్లేదు. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక యాంటెన్నా ఉంటే చాలు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో హైదరాబాద్‌లోనే ఉంది కాబట్టి ఇక్కడి పిల్లలకు ఈ హాబీ మరీ కొత్తేమీ కాదు. 12 ఏళ్లు నిండినవారు కేంద్ర టెలికం శాఖ పరీక్ష రాసి లైసెన్సు తీసుకోవచ్చు.

లైసెన్సు వచ్చాకే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? అబ్బాకు ఖర్చు భయం, అమ్మీకి పిడుగు భయం, పక్కింటివాళ్లకు రేడియేషన్ భయం. వీటన్నిటికంటే ముందుండాల్సిన భయం మాత్రం ఎవరికీ గుర్తురాదు. అది ఇంటి పక్కనుంచి పోయే కరెంటు తీగ.

జెండా కట్టిన ఇనుప పైపు 11 కేవీ లైనుకు తగిలి ప్రాణాలు పోయాయనే వార్తలు ప్రతి ఏడాదీ వింటూనే ఉంటాం. యాంటెన్నా పైపు కూడా అలాంటిదే, ఇంకా పొడుగు. పైగా దాన్ని లేపేటప్పుడు నలుగురు పట్టుకుంటారు, అందరి కళ్లూ పైపు మీదే ఉంటాయి, తీగల మీద ఉండవు. గోడకూ 11 కేవీ లైనుకూ మధ్య అడ్డంగా 1.2 మీటర్లు, కప్పుకు పైన 3.7 మీటర్లు ఖాళీ ఉండాలని నిబంధన. ఆ కొలత ఇంటి కోసం పెట్టింది, ఒరిగిపడే పైపు కోసం కాదు. పైపు, దాని కొసన ఉండే యాంటెన్నా కలిపి మొత్తం ఎంత పొడుగో కొలవాలి. దానికి కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఏ కరెంటు తీగా ఉండకూడదు. 10 మీటర్ల పైపు అయితే చుట్టూ 15 మీటర్లు.

పాతబస్తీ గల్లీల్లో 80 గజాల ఇంటికి ఆ ఖాళీ ఎక్కడిది? లేదు. లేనప్పుడు టవర్ ఆలోచనే మానుకోవాలి. అంతమాత్రాన రేడియో మానుకోనక్కర్లేదు. ఊళ్లో మాట్లాడుకునే 144 మెగాహెర్ట్జ్ బ్యాండుకు అర మీటరు కడ్డీ సరిపోతుంది, మూడంతస్తుల మేడే దానికి టవర్. దూరదేశాలకు వాడే 7 మెగాహెర్ట్జ్‌కు దాదాపు 20 మీటర్ల రాగి తీగను డైపోల్‌గా కడితే చాలు. అది కూడా కరెంటు లైను మీదుగా గానీ, కిందుగా గానీ పోకూడదు.

చోటు ఉండి టవర్ వేసేవారికి రెండో లెక్క గాలిది. గాలి వేగం రెండింతలైతే దాని ఒత్తిడి నాలుగింతలు అవుతుంది. భారతీయ ప్రమాణాల పట్టికలో డిజైన్‌కు తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్లు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఒత్తిడిలో అది దాదాపు 30 శాతం ఎక్కువ. హైదరాబాద్‌లో నిలబడ్డ టవర్ విశాఖలో నిలబడుతుందని అనుకోవద్దు. మేడ మీద నాలుగు బోల్టులు కొట్టి టవర్ నిలబెట్టే వెల్డింగ్ మేస్త్రీ ఈ లెక్క వేయడు. ఒక సివిల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి స్లాబు తట్టుకుంటుందో లేదో చూపించుకోవడం తక్కువ ఖర్చు.

స్టే వైర్లు, అంటే టవర్‌ను పట్టి ఉంచే తీగలు, కనీసం మూడు దిక్కులకు సమానంగా ఉండాలి. వాటిని పిట్టగోడకో, నీళ్ల ట్యాంకుకో, చెట్టుకో కట్టేవాళ్లు చాలామంది. పిట్టగోడ ఆ లాగుడు కోసం కట్టింది కాదు. తీగ కొస మడిచి బిగించే యు-క్లిప్పుల్లో వంపు కడ్డీ పొట్టి కొస మీద పడాలి, బరువు మోసే తీగ మీద పడితే అది నలిగిపోతుంది. నెలవంక చూడటానికి సాయంత్రం ఇల్లంతా మేడెక్కుతుంది, పిల్లలు చీకట్లో పరుగెడతారు. మెడ ఎత్తులో ఉన్న స్టే వైరు ఎవరికీ కనపడదు. మనిషి ఎత్తు వరకు పచ్చ రంగో పసుపు రంగో పైపు తొడిగితే ఆ ముప్పు పోతుంది.

ఎక్కేటప్పుడు ఒంటరిగా ఎక్కొద్దు. నడుముకు కట్టే బెల్టు ఒక్కటే చాలదు, ఒళ్లంతా పట్టే హార్నెస్, రెండు కొక్కేల తాళ్లు కావాలి. ఒక కొక్కెం తీసే ముందు రెండోది తగిలించి ఉండాలి. రేడియో సెట్టు ఆపి, ప్లగ్గు తీసి, ఎవరూ ఆన్ చేయకుండా గదికి తాళం వేయాలి. మాట్లాడుతున్న సమయంలో యాంటెన్నాను ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పైన మనిషి ఉండగా స్టే వైరు వదులు చేయడం ప్రాణాంతకం. మార్చాల్సి వస్తే ముందు తాత్కాలిక తీగ కట్టాలి.

అమ్మీ భయపడే పిడుగు సంగతికొస్తే, టవర్‌కు మంచి ఎర్తింగ్ రాడ్ వేసి దాన్ని ఇంటి ఎర్తింగ్‌తో కలపాలి. రెండూ విడివిడిగా ఉంటే పిడుగు పడ్డప్పుడు వాటి మధ్య తేడా ఇంట్లోని వస్తువుల గుండానే పోతుంది. మబ్బు పట్టకముందే యాంటెన్నా కేబుల్ సెట్టు నుంచి తీసి బయటే వదిలేయాలి. ఉరుములు మొదలయ్యాక ముట్టుకోవద్దు.

వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అడుగు నుంచి చూసుకోవాలి. తుప్పు ఎక్కువగా పట్టేది కాంక్రీటును ఆనుకున్న చోట, గొట్టపు కాళ్లలో నీరు నిలిచే చోట. తీగ పోగులు తెగాయా, నట్లు వదులయ్యాయా చూడాలి. సంక్రాంతి తర్వాత చిక్కుకున్న మాంజా కోసం పిల్లల్ని పైకి ఎక్కనివ్వొద్దు.

పైపు లేపేటప్పుడు అది తీగల వైపు ఒరిగితే పట్టుకుని ఆపాలని చూడొద్దు, వదిలేసి దూరం జరగాలి. ఎవరికైనా షాక్ తగిలితే కరెంటు ఆగిందని రూఢి అయ్యేదాకా ముట్టుకోకూడదు. కరెంటు ఆఫీసుకు 1912, అంబులెన్సుకు 108.

పక్కింటి హక్కు కూడా ఇందులోనే ఉంది. టవర్ పడితే ఎవరి మేడ మీద పడుతుందో ముందే చూసి, వాళ్లకు చెప్పి, ఒప్పుకుంటేనే వేయాలి.

ఇక పాత టవర్లు. కొడుకు గల్ఫ్ వెళ్లిపోతాడు, టవర్ మేడ మీదే తుప్పు పడుతుంది, ఒకరోజు కబాడీవాలా వచ్చి నేనే విప్పుకుని తీసుకెళ్తానంటాడు. డబ్బులొస్తాయని అతణ్ణి ఎక్కించొద్దు. టవర్ వేయడం కంటే తుప్పు పట్టినదాన్ని దించడం ప్రమాదం, ఎందుకంటే ఏ బోల్టు బరువు మోస్తోందో పైకి కనపడదు. అనుభవం ఉన్న రిగ్గర్లను పిలిచి, క్రేన్‌తో పై భాగాన్ని పట్టించాకే మొదటి బోల్టు విప్పాలి. అది కుదిరేదాకా మేడ మీద ఆ వైపు ఎవరూ బట్టలు ఆరేయకుండా, పిల్లలు ఆడకుండా తాడు కట్టి ఉంచాలి.