సర్టిఫికెట్టు వచ్చింది, మరి పని?

రేపల్లె దగ్గర ఒక పల్లె అనుకుందాం. కౌలు రైతు కొడుకు ఒకడు డిగ్రీ అయ్యాక పట్నం వెళ్లి, కొన్ని నెలలు ఉండి, ఫిట్‌నెస్ ట్రైనరు కోర్సు పూర్తి చేసి వచ్చాడు. ఫీజు కోసం తల్లి చెవికమ్మలు తాకట్టులో ఉన్నాయి. సర్టిఫికెట్టుకు ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఏం బాబూ, ఎక్కడైనా చేరావా?" ఆ ప్రశ్నకు జంకి అతడు ఆఖరి ప్రార్థన కాకముందే పక్క గుమ్మంలోంచి వెళ్లిపోతున్నాడు.

ఇలాంటి యౌవనస్థుడు మీ ఇంట్లోనో, మీ సంఘంలోనో ఉండవచ్చు. ఆడపిల్ల కూడా కావచ్చు. ఈ వ్యాసం వారి కోసం, వారి తల్లిదండ్రుల కోసం.

ఇదీ ఒక వృత్తేనా?

"కండలు పెంచి కూడు తినే పని ఎక్కడైనా ఉందా?" అని తండ్రి అడుగుతాడు. ఆయన్ని తప్పుపట్టలేము. ఆయన చిన్నతనంలో కసరత్తు అంటే ఊరి తాలింఖానా, లేదా బడిలో డ్రిల్లు మాస్టారు, అంతే. కాని ఈ పని మన తెలుగువారికి కొత్తది కాదు.

కలియుగ భీముడని పేరు పొందిన కోడి రామ్మూర్తి నాయుడుగారి (1882-1942) సంగతే చూడండి. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న బలశాలిగా ఆయన అందరికీ తెలుసు. అయితే ఆయన మొదట చేసిన ఉద్యోగం చాలామందికి తెలియదు. మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్టు తీసుకుని, విజయనగరంలో తాను చదువుకున్న హైస్కూలులోనే వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరారు. సర్కసు, కీర్తి, విదేశీ యాత్రలు తరువాతి మాట. అంతటి బలశాలికి కూడా మొదటి పని తనను ఎరిగినవారి మధ్యనే దొరికింది. ఇది గుర్తుంచుకోవలసిన విషయం.

మన సంఘాలకు కూడా ఈ వృత్తితో పాత బంధుత్వమే ఉంది. మన పల్లెల్లో సాయంత్రం కాగానే నెట్ కట్టి ఆడే వాలీబాల్‌ను 1895లో అమెరికాలో రూపొందించిన విలియం మోర్గాన్ ఒక వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షకుడు. ఆ సంస్థ తరపున మద్రాసు వచ్చిన హ్యారీ క్రో బక్ అనే ఆయన 1920లో అక్కడ వ్యాయామ విద్యా కళాశాల ప్రారంభించారు. శరీరానికి తర్ఫీదు ఇవ్వడం చదువుకుని చేయవలసిన పని అని మన దేశానికి నేర్పిన తొలి కళాశాలల్లో అది ఒకటి. పౌలు తిమోతికి రాసిన పత్రికలో శరీర సాధనకు హద్దు చూపించాడే గాని, అది బొత్తిగా పనికిరాదని చెప్పలేదు.

సర్టిఫికెట్టు ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వదు

ముందు ఒక నిజం తెలుసుకోవాలి. డాక్టరుకు, నర్సుకు ఉన్నట్టు ఫిట్‌నెస్ ట్రైనరుకు మన దేశంలో చట్టప్రకారం లైసెన్సు లేదు. అందుచేత సర్టిఫికెట్టు లేనివారు కూడా జిమ్ముల్లో పనిచేస్తున్నారు. మూడు నెలల కోర్సు చేసినవాడు, పదేళ్లుగా బరువులు ఎత్తుతున్నవాడు ఒకే ఉద్యోగానికి వస్తారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే ఈ కాగితం చాలదు. దానికి బి.పి.ఇడి. వంటి చదువు కావాలి. ఈ తేడా తెలియక కొందరు తల్లిదండ్రులు ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

మరి కోర్సు చేసినందుకు ఫలితం లేదా? ఉంది. ఏ కీలు ఎటు వంగుతుంది, ఎవరికి ఏ కసరత్తు కీడు చేస్తుంది అన్న జ్ఞానమే ఆ ఫలితం. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఫ్రేము కట్టిన కాగితం కంటే ఆ జ్ఞానాన్ని చూపించాలి.

మూడు ఊళ్లు, మూడు రకాల అవసరాలు

తెనాలి వ్యాపారుల ఊరు. కొట్లో గల్లాపెట్టె ముందు పొద్దస్తమానం కూర్చునేవారు, ఆఫీసు ఉద్యోగులు, రిటైరైన మాస్టార్లు ఇక్కడ ఎక్కువ. వీరికి కండలు అక్కరలేదు, సుగరు అదుపులో ఉండాలి, మోకాళ్లు నొప్పి లేకుండా మెట్లెక్కాలి. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైనే. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. ఆ 150 నిమిషాలు దగ్గరుండి చేయించే మనిషి కావాలి.

బాపట్ల చదువుల ఊరు. 1945 నుండి వ్యవసాయ కళాశాల ఉన్న చోటు, ఇంజనీరింగు కళాశాల కూడా ఉంది. పోలీసు కానిస్టేబులు, సైన్యం ఉద్యోగాలకు సిద్ధపడే పిల్లలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. కానిస్టేబులు పరీక్షలో 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ ఉంటాయి. రాతపరీక్షకు కోచింగు సెంటర్లు ఉన్నాయి గాని, పరుగు నేర్పేవారు తక్కువ. ఉదయం మైదానంలో పదిమంది పిల్లలను పరుగెత్తించి, కాలు బెణకకుండా తయారు చేయగలిగితే అది కూడా శిక్షకుడి పనే.

రేపల్లె రైలుమార్గం ఆగిపోయే ఊరు. చుట్టూ పొలాలు, కాలువలు, దిగువన నిజాంపట్నం రేవు. "ఒళ్లు వంచి పనిచేసేవారికి కసరత్తు ఎందుకు?" అంటారు. నాట్లు వేసి నడుము పట్టేసిన తల్లిని అడగండి, బరువు మోసి భుజం జారిన తండ్రిని అడగండి. మోకాళ్లు వంచి, మూటను ఒంటికి దగ్గరగా పట్టుకుని లేపాలని చెప్పేవాడు ఊరికి ఒకడుంటే ఎంత మేలు! అయితే ఇక్కడ దీనితోనే బతకడం మొదట్లో కష్టం. రేపల్లె వైపు పిల్లలు తెనాలి జిమ్ముకు పోయి పని నేర్చుకోవడమే దారి.

అడిగేటప్పుడు

జిమ్ములు ఎక్కువగా తెల్లవారుజామున, తిరిగి సాయంత్రం నడుస్తాయి. మధ్యాహ్నం ఖాళీగా ఉంటుంది. ఉదయం 5 గంటల షిఫ్టు ఒప్పుకునే ముందు మీ ఊరి నుండి ఆ వేళకు రైలు గాని బస్సు గాని అందుతుందో లేదో చూసుకోండి. యజమానిని కలవాలంటే రద్దీ లేని వేళ వెళ్లండి. "సార్, కొత్తగా చేరినవాళ్లలో ఒకరిని నాకు పది నిమిషాలు అప్పగించండి. నేను ఎలా నేర్పుతానో చూడండి" అని అడగండి.

మొదట దొరికేది ఫ్లోర్ ట్రైనరు పని. పరికరాలు తుడవాలి, ఇనుప పళ్లేలు తీసి సర్దాలి, వచ్చినవారిని పేరుపెట్టి పలకరించాలి. ఇది చిన్నతనం అనుకోవద్దు. జీతం ఎంత, ఎన్ని గంటలు, విడిగా నేర్పే వారి ఫీజులో వాటా ఎంత, ఆదివారం సెలవు ఉందా - ఇవన్నీ చేరకముందే మాట్లాడుకుని కాగితం మీద రాయించుకోండి. కొద్ది రోజులు పని చూపించడం సబబే. నెలల తరబడి ఉచితంగా చేయించుకునేవారి దగ్గర నిలవవద్దు.

బాపట్ల, రేపల్లె వారు బాపట్ల జిల్లా, తెనాలి వారు గుంటూరు జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ ఆఫీసులో కూడా విచారించండి. సొంత జిమ్ము పెడతానని వెంటనే అప్పుకు పరుగెత్తవద్దు. ముద్రా వంటి రుణాలు ఉన్నాయి, నిజమే. కాని మిమ్మల్ని నమ్మి వచ్చేవారు ముప్పైమంది కూడా లేకుండా యంత్రాలు కొంటే, కమ్మలతో పాటు పొలం కూడా తాకట్టుకు పోతుంది.

నమ్మకమే పెట్టుబడి

చిన్న ఊళ్లో శిక్షకుడికి పని తెచ్చిపెట్టేది నోటి మాట. దాన్ని నిలుపుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎవరు వచ్చినా ముందుగా అడగండి: గుండెనొప్పి, కళ్లు తిరగడం, బి.పి., సుగరు, పాత దెబ్బలు, వాడుతున్న మందులు. అనుమానం ఉంటే డాక్టరును చూపించుకుని రమ్మనండి. సుగరు మందు వాడేవారికి చెమటలు పట్టి వణుకు వస్తే వెంటనే కసరత్తు ఆపి పంచదార నీళ్లు ఇవ్వాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఎవరైనా కుప్పకూలి శ్వాస లేకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్య నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కడం తెలిసి ఉండాలి.

ఒక శోధన తప్పక ఎదురవుతుంది. "ఈ పొడి డబ్బాలు అమ్ము, ఈ ఇంజెక్షను ఇప్పించు, నీకు కమీషను ఇస్తాం" అని ఎవరో వస్తారు. కండలకోసం వేసుకునే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతానశక్తిని దెబ్బతీస్తాయి. తాకట్టు కమ్మలు గుర్తొచ్చే వేళ ఆ కమీషను వద్దనడం కష్టమే. అయినా వద్దనండి. పక్కింటి కుర్రవాడి ప్రాణం మీదికి తెచ్చినవాడికి ఆ ఊళ్లో మళ్లీ పని దొరకదు.

ఆడపిల్లలకు ఒక మాట. మగవారు నేర్పే చోటికి రావడానికి మన స్త్రీలు చాలామంది సంకోచిస్తారు. స్త్రీలకు విడిగా బ్యాచి నడపగల ట్రైనరు దొరకడం అరుదు. కాబట్టి తల్లిదండ్రులు కూతురిని వెనక్కి లాగవద్దు. వేళలు, రాకపోకలు క్షేమంగా ఉండేటట్టు చూసి పంపండి.

సంఘం చేయగలిగింది

సంఘ పెద్దలారా, "చేరావా?" అని అడగడం సులభం. దానికి బదులు మరొకటి చేయవచ్చు. వారంలో రెండు ఉదయాలు సంఘ హాలు తెరిచి ఇవ్వండి. సుగరు ఉన్న పెద్దవారు, నడుము నొప్పి ఉన్న తల్లులు అక్కడికి వచ్చి అతడు చెప్పినట్టు చేయనివ్వండి. తలా కొంచెం ఫీజు ఇవ్వండి, ఉచితంగా చేయించుకోవద్దు. మూడు నెలలు పోయాక ఆ పెద్దవారిలో ఒకరు తెనాలిలో ఉన్న తన బంధువుతో "మా కుర్రవాడు జాగ్రత్తగా నేర్పుతాడు" అని ఒక్క మాట చెబితే, అదే అతని మొదటి సిఫారసు ఉత్తరం.

అప్పుడు ఆ అబ్బాయి పక్క గుమ్మంలోంచి వెళ్లడు. ఆరాధన ముగిశాక ముందు గుమ్మం దగ్గరే నిలబడి, "పెద్దమ్మా, మోకాలు ఎలా ఉంది?" అని తానే అడుగుతాడు.