అక్వేరియం మొక్కలు

అక్వేరియం మొక్కలు అనగా ఇళ్ళలో చేపలను పెంచే గాజు తొట్టెలలో నాటుకొనే సజీవమైన నీటి మొక్కలు. ఇవి అలంకారానికి మాత్రమే కాదు. చేపల విసర్జన వలన నీటిలో చేరే అమ్మోనియాను పీల్చుకొంటాయి, పగటిపూట ఆక్సిజన్‌ను విడుదల చేస్తాయి, పిల్లచేపలకు దాగుచోటు కల్పిస్తాయి. అయితే ఏ మొక్క బ్రతుకుతుందనేది ఆ ఊరి నీరు మరియు ఎండలపై ఆధారపడి ఉంటుంది. కర్నూలు, కడప వంటి మెట్ట ప్రాంతాలలో దుకాణంలో అందంగా కనబడిన మొక్క ఇంటికి తెచ్చిన కొద్ది వారాలకే కుళ్ళిపోవుటకు ముఖ్య కారణం ఇదే.

చరిత్ర

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే ఆంగ్ల రసాయన శాస్త్రవేత్త ఒక గాజు పాత్రలో గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను కలిపి ఉంచి, మొక్క విడుదల చేసే ఆక్సిజన్‌తో చేపలు జీవించగలవని తెలిపాడు. రాలిన ఆకులు కుళ్ళి నీరు చెడిపోగా, వాటిని తినే నీటి నత్తలను చేర్చి ఆ లోపాన్ని సవరించాడు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ 'ది అక్వేరియం' అను గ్రంథాన్ని ప్రచురించిన తరువాత ఈ పదం వాడుకలో స్థిరపడినది.

నీటి కఠినత్వం

రాయలసీమలో చాలా చోట్ల బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. సబ్బు సరిగా నురగ రాదు, కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. జనం వీటిని ఉప్పునీళ్ళు అంటారు. ఇటువంటి నీటిలో కార్బన్ అధిక భాగం బైకార్బనేట్ రూపంలో ఉంటుంది, స్వేచ్ఛగా కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ తక్కువ. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లమ్ మొక్కలు బైకార్బనేట్ నుండి కూడా కార్బన్‌ను గ్రహించగలవు. కనుక ఇవి ఇక్కడి తొట్టెలకు తగినవి. వీటి ఆకులపై సన్నని తెల్లని పెచ్చు కనిపిస్తే అది తెగులు కాదు, బైకార్బనేట్‌ను వాడుకొన్నప్పుడు పేరుకొన్న సున్నము. కబొంబా, ఎర్రని రొటాలా మాక్రాండ్రా వంటివి మెత్తని నీటిని కోరుతాయి, కొత్తవారు వీటి జోలికి పోకుండుట మంచిది.

పై మూడు మొక్కలూ ఖరీదైనవి కావు. హైడ్రిల్లా చెరువులలో, కాలువలలో సహజంగా పెరిగేదే. కిరణజన్య సంయోగక్రియను నిరూపించుటకు పాఠశాలలో గరాటు, పరీక్షనాళికలతో చేసే ప్రయోగంలో వాడేది ఈ మొక్కనే. బయటి నుండి తెచ్చిన మొక్కలను లేత గులాబీరంగు పొటాషియం పర్మాంగనేట్ ద్రావణంలో 10 నిమిషాలు ముంచి, బాగా కడిగి నాటవలెను. లేనిచో వాటితో పాటు వచ్చే తూనీగ పిల్లపురుగులు చేపపిల్లలను తినివేస్తాయి.

రాళ్ళు, మట్టి

బేతంచెర్ల నాపరాయి, కడప నల్లబండ ఇక్కడ చవకగా దొరుకుతాయి గనుక తొట్టెలలో పేర్చుట సహజం. కాని ఇవి సున్నపురాతి జాతికి చెందినవి, అసలే కఠినమైన నీటిని మరింత కఠినం చేయగలవు. నిమ్మరసం లేదా వెనిగర్ చుక్క వేసినపుడు బుడగలు వచ్చే రాతిని వాడరాదు. ఇసుకను కూడా ఇట్లే పరీక్షించవచ్చును. నల్లరేగడి మట్టి నీటిని బురద చేస్తుంది. పలుచని ఎర్రమట్టి పొరపై కడిగిన ఇసుకను రెండు మూడు అంగుళాలు పరచిన చాలును. పశువుల ఎరువు వేయరాదు.

వేసవి సంరక్షణ

కర్నూలులో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలు దాటుతుంది. నీరు వేడెక్కిన కొలదీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములు. పైగా రాత్రివేళ మొక్కలు ఆక్సిజన్‌ను విడుదల చేయవు, చేపల వలెనే తామూ పీల్చుకొంటాయి. మొక్కలు ఉన్నవి గదా అని గాలి పంపును తీసివేయుట అందువలన పెద్ద పొరపాటు. దట్టంగా నాటిన తొట్టెలో రాత్రి కరెంటు పోతే తెల్లవారేసరికి చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ ఉంటాయి. వేసవికి ముందే మొక్కలను పలుచన చేసి, కుళ్ళిన ఆకులను తీసివేసి, బ్యాటరీ పంపును సిద్ధంగా ఉంచుకొనవలెను.

ఎండకు ఆవిరైన నీటికి బదులు బోరు నీటినే పోస్తూ ఉంటే లవణాలు తొట్టెలోనే పేరుకొంటాయి. తరుగును వాననీటితో గాని, ఆర్.ఓ. నీటితో గాని భర్తీ చేయవలెను. కేవలం ఆర్.ఓ. నీటితో తొట్టె నింపుట కూడా సరికాదు, మొక్కలకు కొంత కాల్షియం, మెగ్నీషియం అవసరం. మునిసిపల్ కుళాయి నీటిని క్లోరిన్ పోవుటకు ఒక రోజు నిలవ ఉంచి వాడవచ్చును. దీపం రోజుకు 6 నుండి 8 గంటలు చాలును. పడమటి కిటికీ వద్ద తొట్టె ఉంచితే నీరు కాగుతుంది, పాచి పడుతుంది.

కత్తిరించిన మొక్కల పారవేత

హైడ్రిల్లా ఒక్క కణుపు ముక్క నుండి కూడా మళ్ళీ పెరుగుతుంది. 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారా అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి అక్కడి జలాశయాలకు పెద్ద బెడద అయినది. మన చెరువులను కమ్మిన గుర్రపుడెక్క కూడా దక్షిణ అమెరికా నుండి వచ్చినదే. కావున కత్తిరించిన ముక్కలను సుంకేసుల వద్ద మొదలై కడప వైపు సాగే కె.సి. కెనాల్ వంటి కాలువలలో గాని, మురుగు కాలువలలో గాని పడవేయరాదు. మేడపై రెండు మూడు రోజులు బాగా ఎండబెట్టి పూలకుండీలకు ఎరువుగా వేయవచ్చును.