చట్టం ఇచ్చినా చేతికందని హక్కు

అణగారిన వర్గాల చుట్టూ సమాజం గీసిన హద్దులు కొంతకాలానికి ఆ మనుషుల సొంత అభిప్రాయాలుగా మారిపోతాయి. ఎదురు చెప్పకూడదు, సర్దుకుపోవాలి, అడిగితే అలుసైపోతాం అని చిన్ననాటి నుంచి విన్న మాటలు మనసులో పాతుకుపోయి, ఎవరూ ఆజ్ఞాపించకపోయినా మనిషి వాటికి లోబడి నడుచుకునే స్థితిని సామాజిక శాస్త్రవేత్తలు కట్టుబాట్ల అంతర్గతీకరణ అంటారు. కువైట్ ఇళ్లలో పనిచేసే తెలుగు మహిళల జీవితాలను పరిశీలిస్తే, ఈ స్థితి మనిషి స్వేచ్ఛను ఎంత నిశ్శబ్దంగా కుదించివేస్తుందో తెలుస్తుంది.

రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచీ గోదావరి జిల్లాల నుంచీ దశాబ్దాలుగా మహిళలు కువైట్‌కు వెళుతున్నారు. వారిలో అనేకులు దళిత, వెనుకబడిన, పేద ముస్లిం కుటుంబాలకు చెందినవారు. ఇంటిపనివారికిచ్చే ఖాదిం వీసా మీద వెళ్లిన మహిళ నివాస అనుమతి, అంటే అకామా, ఆమెను రప్పించుకున్న కఫీల్‌తో, అంటే యజమానితో, ముడిపడి ఉంటుంది. అతని అనుమతి లేకుండా ఇల్లు విడిచి వెళితే ‘పరారీ’ ఫిర్యాదు నమోదై, నిర్బంధానికీ స్వదేశానికి తిప్పి పంపడానికీ దారితీయవచ్చు.

కువైట్ 2010లో తెచ్చిన ప్రైవేటు రంగ కార్మిక చట్టం ఇంటిపనివారిని తన పరిధి నుంచి మినహాయించింది. వారి కోసం ప్రత్యేకంగా 2015లో చేసిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికొక సెలవు, ఏటా 30 రోజుల వేతన సెలవు, పని మానినప్పుడు ఏడాదికొక నెల జీతం చొప్పున పరిహారం నిర్దేశించింది. 2016లో కనీస వేతనాన్ని 60 దినార్లుగా నిర్ణయించారు. అయితే ఆ చట్టం ఇళ్లలో తనిఖీలకు తగిన ఏర్పాటు చేయలేదు కాబట్టి, గడప లోపల ఆ హక్కులు అమలు కావాలంటే చాలా సందర్భాల్లో పనిమనిషే నోరు తెరిచి అడగవలసి వస్తుంది.

ఇందుకు పాస్‌పోర్టు విషయమే మంచి ఉదాహరణ. పనిమనిషి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోకూడదని చట్టం చెబుతూనే, ఆమె సమ్మతిస్తే ఉంచుకోవచ్చని సడలింపునిచ్చింది. పుట్టింట్లో తండ్రికీ, మెట్టినింట్లో భర్తకూ, పొలంలో ఆసామికీ కాదనడం అలవాటు లేని మహిళ, విమానం దిగిన రోజునే భాష తెలియని ఇంట్లో మేడం చేయి చాపితే, ‘మీ దగ్గరే భద్రంగా ఉంటుందిలెండి’ అనుకుని ఇచ్చేస్తుంది. చట్టం లెక్కలో అది సమ్మతి. వాస్తవానికి అది తరతరాల విధేయత.

ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి దీనికి తోడవుతుంది. శుక్రవారం ఫోన్లో తల్లి ‘ఎట్లున్నావమ్మా’ అంటే ‘బాగానే ఉన్నా, డబ్బులు అందినాయా’ అన్నంతటితో మాట తెగిపోతుంది. ఏజెంటుకు చెల్లించడానికి చేసిన అప్పు, కూతురి పెళ్లి, సగంలో ఆగిన ఇల్లు కళ్ల ముందుంటాయి. మధ్యలో తిరిగొస్తే ఊళ్లో వాళ్లు జాలిపడటానికి ముందు ఆమె నడవడినే అనుమానిస్తారన్న భయం నోరు కట్టేస్తుంది. ఇంటిపనికి వెళ్లే మహిళకు 30 ఏళ్లు నిండాలన్న భారత ప్రభుత్వ నియమాన్ని తప్పించి ఏజెంట్లు పంపినవారైతే, తప్పు తమదేనన్న భావనతో రాయబార కార్యాలయం మెట్లెక్కడానికే జంకుతారు.

అణచివేతకు గురైనవారు తమకు దొరికే కొద్దిపాటి దానికి సరిపడేలా కోరికలను కుదించుకుంటారనీ, అందువల్ల వారు వ్యక్తం చేసే సంతృప్తిని న్యాయానికి కొలబద్దగా తీసుకోరాదనీ ఆర్థికవేత్త అమర్త్య సేన్ వాదించారు. సెలవు లేకపోయినా ‘అన్నం పెడుతున్నారు, కొట్టడం లేదు, అంతే చాలు’ అనే మాటను ఈ వెలుగులోనే అర్థం చేసుకోవాలి. అలాగని నేరాన్ని ఆమె మనసు మీదికి నెట్టడం అన్యాయం. ఎదురు తిరిగితే అకామా పోతుందన్న భయం నిజమైనది, కఫీల్ వ్యవస్థ ఆ భయాన్ని రోజూ పోషిస్తోంది. వెలుపలి శిక్ష ఉన్నంతకాలం లోపలి కట్టుబాటు వివేకంలాగే కనిపిస్తుంది.

ఈ ముడి రెండు వైపుల నుంచీ విప్పవలసిందే. ఇంటిపనివారి నియామకాలపై భారత్, కువైట్ 2021 జూన్‌లో కుదుర్చుకున్న అవగాహన ఒప్పందం వెలుపలి వైపు ఒక అడుగు. లోపలి వైపు మార్పు చాలావరకు సాటి మహిళల మాటతోనే మొదలవుతుంది. పక్కింటి పనిమనిషికి వారపు సెలవు ఉందని తెలిసిన రోజున, తనకు లేకపోవడం తలరాత కాదని మరో మహిళకు అర్థమవుతుంది. ప్రయాణానికి ముందిచ్చే శిక్షణలో వంట, అరబ్బీ మాటలతో పాటు పని గంటలు, సెలవు, పాస్‌పోర్టు గురించి అడగడాన్ని కూడా అభ్యాసం చేయించాలి. అన్నిటికన్నా ముందు, హక్కు అడగడం తిన్నింటికి ద్రోహం కాదనీ, కష్టమైతే తిరిగి రావడం పరువు తక్కువ కాదనీ ఆ మహిళకు స్పష్టంగా చెప్పవలసింది ఆమె సంపాదనతో నిలబడిన కుటుంబమే.