పండుగ అయ్యాక వేయించుకుందువులే

ఈస్టరుకు ముందు సమాధుల తోటలో గడ్డి చెక్కి సున్నాలు వేయడం మా సంఘంలో పాత అలవాటు. ఎవరివారికి వారే వేసుకుంటారు. ఒక్క సమాధికి మాత్రం ఇంటివారితోపాటు మేము ముగ్గురమూ వెళ్తాము. అది మా హైస్కూలు స్నేహితునిది. 1979 జనవరి నెలాఖరులో, పదో తరగతి పరీక్షలు ఇంక రెండు నెలలున్నాయనగా, పదిహేనేళ్ళ వయసులో ప్రభువునందు నిద్రించాడు. అతని తల్లి ఇంకా మా మధ్యనే ఉన్నారు గనుక పేరు వ్రాయడం లేదు.

మాది కోనసీమలో కాలువ గట్టు ఊరు. హైస్కూలు నాలుగు మైళ్ళు. మేము నలుగురం, మాకు మూడు సైకిళ్ళు. మొదట్లో అతడే మాలో ఒకరిని ఎక్కించుకుని అందరికంటే ముందు తొక్కేవాడు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి వంతెన ఎక్కేచోట దిగి నిలబడిపోయేవాడు. తొమ్మిదికి వచ్చేసరికి ఎప్పుడూ వెనక సీటే. మేము అతనికి ‘జమీందారు’ అని పేరు పెట్టాము. అతడూ నవ్వేవాడు. ఆయాసంతో నవ్వేవాడని మాకు తెలియదు.

చదువు మామూలే గాని డోలక్ వాయించడంలో అతనికి సాటి లేదు. మందిరంలో ఆదివారం కీర్తన ఎత్తుకోగానే పెద్దవాళ్ళు కూడా అతని వైపు చూసేవారు. దెబ్బ ఎప్పుడు పడాలో ఆ చేతులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

జబ్బు మొదలైనది 1975లో, ఏడో తరగతిలో. గొంతు నొప్పి, జ్వరం వచ్చాయి. మిరియాల పాలు తాగించారు, ఉప్పు నీళ్ళు పుక్కిలించమన్నారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. రెండు మూడు వారాలు గడిచాక మోకాలు వాచింది. అది తగ్గుతుండగానే చీలమండ, ఆ తరువాత మోచెయ్యి. వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం పెట్టారు, ఆముదం రాశారు. అదీ తగ్గింది. తగ్గింది గదా అని అందరం మరచిపోయాము. మరుసటి ఏడు ఆయాసం వచ్చాక కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకువెళితే, అది కీళ్ళవాత జ్వరమని, గుండె కవాటం చెడిందని చెప్పారు.

తల్లులారా, ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మక్రిమి వల్ల పిల్లలకు గొంతు నొప్పి వస్తుంది. ఆ క్రిమితో పోరాడడానికి శరీరం తయారుచేసుకున్న ఆయుధాలే కొందరు పిల్లల్లో దారి తప్పి, తమ కీళ్ళ మీదికి, గుండె మీదికి తిరుగుతాయి. ఎక్కువగా అయిదు నుండి పదిహేనేళ్ళ లోపు పిల్లలకే ఇది వస్తుంది. కీళ్ళ నొప్పులు ఏ మచ్చా లేకుండా పోతాయి. గుండెకు తగిలిన దెబ్బ మాత్రం చాలామందిలో ఉండిపోతుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకొంచెం చెడుతుంది. అన్ని గొంతు నొప్పులూ ఇటువంటివి కావు. కాని ఇటువంటిదై ఉంటే, మొదలైన తొమ్మిది రోజుల లోపల డాక్టరు చెప్పిన పెనిసిలిన్ మందు ప్రారంభించి పూర్తిగా వాడితే చాలావరకు ఈ కథంతా జరగదు. ఒకసారి కీళ్ళవాత జ్వరం వచ్చిన పిల్లలకైతే, అది తిరగబెట్టకుండా మూడు నాలుగు వారాలకొకసారి పెనిసిలిన్ సూది వేయించాలి. ఒక ఏడుతో ఆపేది కాదు. గుండె దెబ్బతిన్నవారికి చాలా ఏళ్ళు, కొందరికి జీవితాంతం.

మా వాడికి ఇరవైయొక్క రోజులకొక సూది. అమలాపురం వెళ్ళాలి. దగ్గరి డాక్టరు, పెనిసిలిన్ పడకపోతే ప్రాణం మీదికి వస్తుందని భయపడి, వేయననేవారు. అక్కడికి వెళితే తల్లికి ఒక రోజు కూలి పోయేది, ఇద్దరికి బస్సు చార్జీలయ్యేవి. ఆ సూది నొప్పి కూడా సామాన్యమైనది కాదు. రెండు రోజులు కుంటుతూ నడిచేవాడు, బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చునేవాడు. మేము దానికీ నవ్వేవాళ్ళం. వాళ్ళింట్లో గోడకున్న సంఘం క్యాలెండరులో సూది తేదీలకు తల్లి బొగ్గుతో సున్నా చుట్టేది.

1978 డిసెంబరులో ఆ సున్నా 18వ తేదీ మీద పడింది. ఆ వారమంతా రాత్రులు క్యారల్స్. నక్షత్రం దీపం పట్టుకుని మంచులో ఇల్లిల్లూ తిరగాలి. డోలక్ లేకపోతే క్యారల్స్ ఏమిటి? మేము ముగ్గురం అతని దగ్గర చేరి, “ఒరేయ్, ఒక్కసారికి ఏమీ కాదురా, పండుగ అయ్యాక వేయించుకుందువులే” అన్నాము. అతడు కాసేపు ఆలోచించి సరేనన్నాడు. ఆ క్రిస్మసుకు వాయించినట్లు ఎన్నడూ వాయించలేదు.

జనవరిలో మళ్ళీ జ్వరం వచ్చింది. కాళ్ళు పొంగాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. ఒక రాత్రి మరీ ఎక్కువై, కాకినాడ తీసుకుపోదామని ఎదుర్లంక రేవుకు చేర్చారు. ఆ వేళప్పుడు పంటు లేదు. అవతలి గట్టున యానాం దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి. తెల్లవారేవరకు కాచుకున్నారు. మొదటి పంటు వచ్చేసరికి అతడు లేడు.

2002లో అక్కడ బాలయోగి వారధి కట్టారు. ఇప్పుడు ఆ గోదావరిని దాటడానికి నిమిషాలు చాలు. బస్సులో ఆ వంతెన మీదుగా పోయేటప్పుడు మాలో ఎవరమూ మాట్లాడము.

ఆ ఒక్క సూది మానినందువల్లనే పోయాడని ఏ డాక్టరూ మాకు చెప్పలేదు. అప్పటికే కవాటం బాగా ఇరుకైపోయిందని తరువాత తెలిసింది. ఆ రోజుల్లో ఆపరేషను అంటే మావాళ్ళకు వేలూరు మాటే, అది అందని మాట. 1980లలో ఛాతీ కోయకుండా కాలి నరం గుండా బెలూను పంపి, ఇరుకైన కవాటాన్ని వెడల్పు చేసే వైద్యం వచ్చింది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేద పిల్లలెందరికో గుండె ఆపరేషన్లు జరిగాయి. 2013లో మొదలైన బాలల ఆరోగ్య పథకం కింద బడుల్లో చూసే జబ్బుల్లో ఈ గుండె జబ్బు కూడా ఉన్నది. ఇవన్నీ మేము లెక్కపెట్టుకుంటూనే ఉంటాము. అయినా ఆ “పండుగ అయ్యాక” అన్న మాట మా ముగ్గురి నోటిదే. నలభై ఏళ్ళు దాటినా దానిని ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో తప్ప.

ఈ ఏడు సున్నం వేసి వస్తూ అతని తల్లి దగ్గర కూర్చున్నాము. ఎనభై దాటిన మనిషి. మాకు తెల్లజుట్టు వచ్చినా ఆమెకు ఇంకా ‘అబ్బాయిలు’మే. మాలో ఒకరు ఉండబట్టలేక, “అత్తా, ఆ క్రిస్మసుకు సూది మానెయ్యమన్నది మేమే” అన్నారు.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత లేచి లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టెలోనుండి మడత పెట్టిన చొక్కా ఒకటి తెచ్చింది. నీలం గళ్ళ చొక్కా. ఆ క్యారల్స్ రాత్రులన్నీ అతడు తొడుక్కున్నది అదే. మాకు బాగా గుర్తు.

“ఆ నెల అమలాపురం డబ్బులు దీనికి పెట్టాను అబ్బాయిలూ. పండక్కి వాడికి కొత్త బట్టలు లేవని. వాడు మీ మాట నాతో చెప్పాడు. సరేలే అని నేనే అన్నాను.”

చొక్కాను మా చేతుల్లో పెట్టింది. మేము ఒకరి తరువాత ఒకరం పట్టుకుని చూసి తిరిగి ఇచ్చాము. ఆమె మళ్ళీ అదే మడతల మీద మడిచి, టీ పెట్టడానికి పొయ్యి దగ్గరకు వెళ్ళింది.